వేడినీళ్ల తొట్టిని నాలుగు మూలలూ తిప్పిన రోజు

ఎత్తడం మన పని కాదు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఒకటే. నీ జన్మలో ఎత్తినవాటిలో పెద్ద బరువు ఏది అన్నా, అని. మా ఇంట్లో గ్యాస్ సిలిండరు అని చెబుతాను. నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పిన మాట కాదది. నలభై ఏళ్లు నంద్యాలలో బరువులు జరిపే గుంపుతో బతికాను. ఇనుప బీరువాలు, మిల్లు ఇంజన్లు, జనరేటర్లు, ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన రాతి విగ్రహాలు, ఎన్ని జరిపానో లెక్క లేదు గానీ ఎత్తింది మాత్రం తక్కువ. ఎత్తేవాడికి నడుము పోతుంది. మనం బరువును ఎత్తం, నడిపిస్తాం. కింద నాలుగు ఇనుప పైపులు వేసి, వెనక గడారి, అంటే గునపం, పెట్టి బెత్తెడు లేపి, ముందు మోకు పట్టి, చంటిపిల్లకు నడక నేర్పినట్టు నడిపిస్తాం. చంటిపిల్లే నయం. అది పడితే అది ఏడుస్తుంది, ఇది పడితే మనం ఏడవాలి.

నా పేరు దేవదానం. ఆరో తరగతిలో బడి మానేశాను. బడి పెద్దగా బాధపడినట్టు కనబడలేదు. కాబట్టి ఇందులో సూత్రాలూ లెక్కలూ ఉంటాయని ఆశపడకండి. ఎవరెవరు మెచ్చుకున్నారో కూడా రాయను. నాకు కప్పిన శాలువా ఒక్కటే, అది ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్జుకు దుమ్ము పడకుండా కాపలా కాస్తోంది.

నాకు పని నేర్పింది హుసేన్ సాబ్. మనిషి బక్కపలచన, గాలి వీస్తే లుంగీ ఒకవైపు, ఆయన ఒకవైపు. పనికి పోయినప్పుడు ఇంటివాళ్లు బీరువా చూపిస్తూ ఉంటే ఆయన మాత్రం ఏదో పారేసుకున్నవాడిలా నేల వంక చూస్తూ తిరిగేవాడు. బీరువాను చూడవేమి మామా అని అడిగితే, "వస్తువు అబద్ధం చెప్పదు రా. నేల చెప్తాది" అన్నాడు. గడారి తలకిందులు చేసి, దాని మొద్దు కొసతో అడుగడుగునా తట్టేవాడు. గట్టి నేల ఠక్కుమంటుంది. కింద బోలుగా ఉంటే డబ్బుమంటుంది. ఆ తేడా ఒకసారి చెవికి పడితే మళ్లీ పోదు. నేను ఇప్పటికీ చుట్టాల ఇంటికి పోతే చెప్పు మడమతో వాళ్ల వసారా తట్టి చూస్తాను. మా ఆవిడకు సిగ్గు.

ఆయన రెండో కట్టడి, నోరు ఒకటే ఉండాలని. పొమ్మన్నా, ఆగమన్నా, కుడికి తిప్పమన్నా మేస్త్రీ ఒక్కడే చెప్పాలి. మిగతావాళ్లు తుమ్మొచ్చినా బరువు దించాకే తుమ్మాలి. ఆరుగురికి ఆరు నోళ్లు ఉంటే బరువు ఏడో దారి పట్టుకుంటుందని ఆయన లెక్క. హుసేన్ సాబ్ పోయాక మేస్త్రీని నేనయ్యాను. ఈ రెండో కట్టడిని నేను చాలా శ్రద్ధగా పాటించాను. పక్కవాడు నోరు మూసుకుంటే నాకు ఎప్పుడూ ఇష్టమే. మొదటిదాని సంగతే చెప్పాలి.

శిరివెళ్ల మిల్లులో

ఓబులేసు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. ఉయ్యాలవాడ దగ్గరి పల్లె నుంచి వచ్చి గుంపులో చేరాడు. మాటలు తక్కువ, తిండి ఎక్కువ. వాడి పని పైపులు. బరువు ముందుకు జరిగే కొద్దీ వెనక ఖాళీ అయిన పైపును తెచ్చి మళ్లీ ముందు వేయాలి. చూసేవాళ్లకు అన్నింటికంటే తేలిక పని అదేననిపిస్తుంది. మిగతా అందరం బరువుకు వెనకో పక్కనో ఉంటాం. దాని నోటి ముందు కూర్చునేది వాడొక్కడే.

శిరివెళ్ల వైపు ఒక రైసుమిల్లులో పాత ఇంజన్ తీసి కొత్తది పెట్టాలి. వాకిట్లో వడ్ల ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. మిల్లు ఆసామి నా వెనకే తిరుగుతూ ఇంకెంత సేపు, ఇంకెంత సేపు అని పొద్దున్నుంచీ నస పెడుతున్నాడు. నేల మీద జానెడు మందాన ఊక దుమ్ము. దాన్ని ఊడ్చి, తట్టి చూసి, అప్పుడు జరపాలి. ఊడిస్తే ఇంకో అరగంట. ఆ అరగంటసేపు ఈయన గొంతు వినాలి. నాకు తిక్క రేగింది. ఊడవలేదు. తట్టలేదు. తోయండి అన్నాను.

ఊక కింద కాలువ ఉంది. కాలువ మీద నాపబండ. మా సీమలో ఏ గుంతనైనా ఒక నాపబండ తెచ్చి మూసేసి పని అయిపోయిందనుకుంటారు. బండ విరిగింది, ఇంజన్ ముందుకు ఒరిగింది. ఓబులేసు కుడికాలి మూడు వేళ్లు పోయాయి.

ఆ మిల్లు ఆసామిని నేను చాలా ఏళ్లు తిట్టుకున్నాను. తిట్టుకోవడానికి ఒకడు దొరికితే తప్పు సగానికి తగ్గినట్టు ఉంటుంది. కానీ తోయమన్నది ఆయన కాదు. ఆయన అరిచాడు, అంతే. అరవడం ఆసాముల పని. ఓబులేసు నాలుగు నెలలకు కుంటుకుంటూ వచ్చి, ఏమీ అనకుండా మళ్లీ అదే పైపుల దగ్గర కూర్చున్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు ఇంకొంచెం సులువుగా ఉండేది.

అప్పటినుంచి తట్టకుండా ఏ బరువూ జరపలేదు. తట్టి, తెలుసుకుని కూడా ఎట్లా తప్పు చేయవచ్చో మాత్రం పోయిన మార్చిలో నేర్చుకున్నాను.

ఆళ్లగడ్డకు తొట్టి వచ్చింది

ఆళ్లగడ్డ ఊరి చివర అంకిరెడ్డి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. విత్తనాల వ్యాపారం. మనిషి చెడ్డవాడు కాదు. భార్య సుభద్రమ్మకు రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కలేదు, కింద కూర్చోలేదు, కూర్చుంటే ఇద్దరు లేపాలి. బెంగళూరులో ఏదో పెళ్లికి పోయి హోటల్లో దిగినప్పుడు, అక్కడ బుడగలొచ్చే వేడినీళ్ల తొట్టిలో ఆమె రెండు రోజులు కూర్చుందట. మూడో రోజు ఎవరి చేయీ పట్టుకోకుండా బస్సెక్కిందట. అంకిరెడ్డి అది చూసి, అటువంటిదే ఒకటి తెప్పించాడు. ఆయన దాన్ని హాట్ టబ్బు అంటాడు. మేం తొట్టి అన్నాం.

కంపెనీ లారీ వాళ్లు దాన్ని గేటు బయట దించి, గేటు దాకానే మా బాధ్యత అని చెప్పి పోయారు. ఏడడుగుల చదరం, మూడడుగుల లోతు. లోపల కూర్చోవడానికి మెట్లు, గోడల నిండా చిల్లులు, పొట్ట కింద మోటారు, హీటరు. మా మస్తాను దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇన్ని చిల్లులున్న తొట్టి కొన్నవాళ్లను మొదటిసారి చూస్తాండా అన్నాడు. ఖాళీగా మూడున్నర క్వింటాళ్లు. మాకు అదొక బరువు కాదు. ఆళ్లగడ్డలో నేను జరిపిన విగ్రహాల్లో దేవుళ్ల వాహనాలే అంతకంటే బరువు.

విగ్రహాలతో ఒక సుఖం ఉంది, అదీ చెప్పాలి. ఏ దిక్కుకు పెట్టాలో ముందే తేల్చుకుని మమ్మల్ని పిలుస్తారు. దేవుడు ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవడు. ఇళ్లవాళ్లు అట్లా కాదు. బీరువా పెట్టాక, అద్దం వేసిన తలుపు ఇటు తిరిగితే బాగుంటుందేమో అంటారు.

తొట్టి పెట్టాల్సింది ఇంటికి ఉత్తరం పక్క ఖాళీ జాగాలో. నున్నటి గ్రానైటు పరిచి, కుర్చీలు వేసి, దానికి అంకిరెడ్డి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టాడు. తొట్టిని పక్కకు నిలబెట్టి, ప్రహరీకి ఇంటికి మధ్య సందులోంచి తీసుకుపోయి, పది గంటలకల్లా ఇంటిగోడ పక్కన ఆయన చూపించిన చోట దించేశాం. వాషింగ్ మెషిన్ ప్లగ్గు అక్కడే ఉంది, నీళ్ల పైపు అక్కడే ఉంది. తట్టి చూశాను, ఠక్కుమంది. ఇంటి పునాదితో పాటు నింపి దిమ్మెస చేసిన నేల. సుభద్రమ్మ కుర్చీలోంచి, అయితే ఈరోజే నీళ్లు పోస్తారా అని అడిగింది. పోయొచ్చమ్మా అన్నాను. పన్నెండు గంటలకు నంద్యాలలో భోజనం అనుకుంటూ మోకు చుట్టేశాను.

అప్పుడు అంకిరెడ్డి జేబులోంచి ఫోను తీశాడు.

దిక్కులు

ఫోనులో సిద్ధాంతి ఉన్నాడు. వీడియో కాలు. ఇల్లు కట్టినప్పుడు వాస్తు చెప్పింది ఆయనే. అంకిరెడ్డి ఫోను పట్టుకుని జాగా అంతా తిప్పి చూపించాడు. సిద్ధాంతి కళ్లద్దాలు సవరించుకుని, ఇది ఆగ్నేయం కదా, నిప్పు ఉండాల్సిన చోట నీళ్లా, ఆలుమగలకు పోట్లాటలు వస్తాయి అన్నాడు.

"ఇప్పుడు లేవా ఏంది?" అంది సుభద్రమ్మ.

ఆ మాట సిద్ధాంతికి ఫోనులో వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో. బరువు నైరుతిలో ఉండాలి, అక్కడ పెట్టించు అన్నాడు. మోకు విప్పాం. జరిపాం. నైరుతిలో దించి మట్టం చూస్తుండగా ఆయనకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. లోతు ఎంత అని అడిగాడు. మూడడుగులు అన్నాం. నైరుతిలో లోతూ నీళ్లూ పనికిరావు, యజమానికి మంచిది కాదు అన్నాడు. యజమాని ముఖం పాలిపోయింది. మళ్లీ పైపులు.

మూడోది వాయవ్యం. గాలి మూల కాబట్టి బుడగలొచ్చే తొట్టికి తగును అన్నది అంకిరెడ్డి సొంత తెలివి. సిద్ధాంతి కూడా ఒప్పుకున్నాడు. అక్కడికి చేరేలోపలే నేను తట్టి, కింద బోలుగా ఉందే అని అడిగాను. సెప్టిక్ ట్యాంకు. అది చాలదన్నట్టు పక్కింటి మేడ కిటికీ సరిగ్గా ఆ మూల మీదికే తెరుచుకుంటుంది. నేను స్నానం చేస్తాంటే చూసేదానికి ఊరికి టికెట్లు ఇస్తారా అని సుభద్రమ్మ అడిగింది. దానికి శాస్త్రంలో జవాబు దొరకలేదు.

ఒంటిగంట దాటింది. మార్చి ఎండ. గ్రానైటు పెనంలా కాలుతోంది. మావాళ్లు గోనెసంచులు తడిపి కాళ్ల కింద వేసుకున్నారు. నాకు ఒకటి అర్థమైంది. ఈ తొట్టిలో నీళ్లున్నాయి, నిప్పుంది, గాలుంది, బరువుంది, లోతుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మూల. దీన్ని శాస్త్రప్రకారం పెట్టాలంటే రంపం తెచ్చి ముక్కలు చేయాలి. ఆ మాటే అన్నాను. అంకిరెడ్డి నవ్వలేదు. నేను బాగా విసిగిపోయానని నాకు తెలిసింది అప్పుడే. నా జోకుకు ఎవరూ నవ్వకపోతే మామూలుగా రెండోసారి చెబుతాను. ఈసారి చెప్పబుద్ధి కాలేదు.

ఇక మిగిలింది ఈశాన్యం.

నాలుగో మూల

నీళ్లకు ఈశాన్యమే స్థానం అని సిద్ధాంతి తేల్చాడు. మూడున్నర లోపల పెడితే గడియ కూడా బాగుంది అన్నాడు. నేను గడారి తీసుకుపోయి తట్టాను. డబ్బుమంది. ఇంకో అడుగు. డబ్బు. ఎనిమిదడుగుల పొడవునా అదే మోత.

ఈశాన్యంలో ఏముంటుందో మీకు తెలిసే ఉంటుంది. సంపు. నీళ్ల స్థానం అని చెప్పి ప్రతి ఇంట్లోనూ నీళ్లు నిలవ చేసే గుంత అక్కడే తవ్విస్తారు. దాని మీదే ఇప్పుడు తొట్టి పెట్టమంటున్నారు. పైన ఏం వేశారప్పా అని అంకిరెడ్డిని అడిగాను. ఆయనకు తెలియదు. కట్టిన మేస్త్రీకి ఫోను చేశాడు. రెండు పాత రైలు పట్టాలు అడ్డం వేసి, నాపబండలు పరిచి, పైన గ్రానైటు అతికించామని అవతలివాడు చెప్పాడు. అదేదో తెలివైన పని చేసినట్టు చెప్పాడు. మా సీమ బండలు గుంతలకే కాదు, మా కళ్లకు కూడా మూతలే.

"ఈడ కుదర్దప్పా," అన్నాను.

"యాల కుదర్దు? నా బుల్లెట్టు దినామూ ఈడనే నిలబెడతాండా. ఏమన్నా అయిందా?"

"తొట్టి నిండితే పది బుల్లెట్లయితాది. వాటి మీద మీ ఇద్దరూ."

అంకిరెడ్డి ఫోను వైపు చూశాడు. సిద్ధాంతి అంతా విన్నాడు. నీళ్లు బరువు కాదు నాయనా, నీళ్లు నీళ్లే, ఈశాన్యంలో ఎన్ని నీళ్లున్నా దోషం లేదు అన్నాడు.

ఈ నలభై ఏళ్లలో బరువును గురించి నేను విన్న మాటల్లో ఇది అన్నింటికంటే బరువైనది.

"ఇంట్లో ఆడోళ్లను అడుగప్పా," అన్నాను. "బిందె మోసినోళ్లకు తెలుసు."

కానీ ఆయన వినే చోట లేడు. పొద్దున్నుంచి మూడు మూలల్లో మూడు చెడులు విన్నాడు. ఇప్పుడు ఒక మూల మంచిదని చెబుతున్నారు. ఆయనకు ఆ మంచి కావాలి, అంతే. నేను మళ్లీ చెప్పాను. ఆయన మళ్లీ బుల్లెట్టు అన్నాడు. నేను మళ్లీ పట్టాలు తుప్పు పట్టి ఉంటాయన్నాను. ఆయన ఇల్లు కట్టి ఏడాది కూడా కాలేదన్నాడు. పాత పట్టాలు అన్నాడు కదప్పా అంటే, పాతవే గట్టివి అన్నాడు. ఇట్లా ముప్పావుగంట. చివరికి ఆయన గొంతు పెంచి, చేసేది చేతనైతే చేయి, లేకుంటే నంద్యాలలో నీ ఒక్కడిదేనా గుంపు అన్నాడు.

అప్పుడు నాలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను, ఎందుకంటే ఈ రాతంతా దానికోసమే. నాకు భయం పోయింది. సుభద్రమ్మ నిండిన తొట్టిలో కూర్చుని ఉండగా బండ విరగడం, ఆ మోకాళ్లతో ఆమె లేవలేకపోవడం, తొట్టీ నీళ్లూ మనిషీ కలిసి గుంతలోకి పోవడం, అవన్నీ గంట ముందు నా కళ్లకు కనబడ్డాయి. ఇప్పుడు కనబడలేదు. నాకు కనబడిందల్లా నంద్యాలలో మా ఇల్లు, నీడ, చల్లటి మజ్జిగ. మీ ఇల్లు, మీ సంపు, మీ సిద్ధాంతి, మీరు చావండి అనుకున్నాను.

"సరే," అన్నాను. "పోనీండి రా."

తోశారు. తొట్టి కదిలింది. దాని ముందంచు సంపుకు మూడడుగుల దూరంలోకి వచ్చింది. ఓబులేసు వెనక పైపు తీసుకుని కుంటుకుంటూ ముందుకు వచ్చాడు. రావాల్సిన చోటికి వచ్చి, పైపు కింద పెట్టకుండా నిలబడ్డాడు. పైపు లేకపోతే తొట్టి కదలదు.

"పైపెయ్ రా," అన్నాను.

"యెయ్యను."

ఇన్నేళ్లలో పని మధ్యలో వాడు నోరు తెరవడం అదే మొదలు. మస్తాను మోకు వదిలేసి నా వంక చూశాడు. గుంపు ముందర, ఆసామి ముందర, నా పైపుల మనిషి నాకు ఎదురు చెప్పాడు. నిజం చెప్పాలంటే మొదట వచ్చింది కోపమే.

"నోరు ఒకటే ఉండాలని తెలీదా నీకు?"

"తెలుసన్నా. శిరివెళ్లలో కింద గుంతుండేది నీకు తెలీదు. తెలీక తోయమన్యావ్. నేను ఒక్కనాడన్నా అడిగినానా? ఈడ తెలుసు నీకు. తట్టినావ్. నీ నోటితోనే చెప్పినావ్. తెలిసి పోతాండావ్."

నేను చేతిలో గడారి కింద పెట్టేశాను. 

సుభద్రమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మెల్లగా, నొప్పి దిగమింగుకుంటూ, ఓబులేసు దగ్గరికి నడిచింది. మా అందరినీ వదిలేసి వాడినే అడిగింది. "ఏముండాదప్పా కింద?"

"చూస్తే సరిపోతాది కదమ్మా."

సంపుకు ఒక చివర చిన్న మూత ఉంది. ఓబులేసు అది తీశాడు. లోపల చీకటి. లైటు కావాలి. వాడు అంకిరెడ్డి చేతిలోని ఫోను అడిగి తీసుకుని, దాని లైటు వెలిగించి, చేయి లోపలికి చాపి బండల అడుగు చూపించాడు. వీడియో కాలు ఆపాలని ఎవరికీ తోచలేదు. కాబట్టి సిద్ధాంతి కూడా వాడి చేతిలోనే సంపులోకి దిగాడు. లోపలి నుంచి ఆయన గొంతు ప్రతిధ్వనిస్తూ, ఏమైంది నాయనా, ఏమీ కనబడటం లేదు అంటోంది.

మేం బోర్లా పడుకుని చూశాం. రెండు పట్టాలు. ఒకటి తడికి పొరలు పొరలుగా రేగిపోయింది. దాని మీద బండకు అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు, వెంట్రుక మందాన ఒక గీత. నీటిచెమ్మ ఆ గీత వెంట దారి పట్టి చుక్కలుగా వేలాడుతోంది. బుల్లెట్టు నిలబడేది సరిగ్గా దాని మీదే.

అంకిరెడ్డి లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు.  తరవాత చేసిన మొదటి పని, తన బండి తాళాలు తీసి మస్తాను చేతికిచ్చి, దాన్ని తీసి ఎక్కడైనా పెట్టమనడం. నేను ఫోను అందుకుని సిద్ధాంతిని మర్యాదగానే అడిగాను. స్వామీ, తొట్టి సంగతి వదిలేయండి, ఈ బండ మీద మీరు వచ్చి ఒక పూట కూర్చుంటారా అని. సిగ్నలు సరిగా లేదన్నాడు. బొమ్మ ఆగిపోయింది.

"యాడ నేల గట్టిగుంటే ఆడ పెట్టండి," అంది సుభద్రమ్మ. "నా మోకాలికి దిక్కులు తెలీవు."

తొట్టిని తీసుకుపోయి ఇంటిగోడ పక్కన, ప్లగ్గు దగ్గర, పొద్దున పది గంటలకు దించిన చోటే మళ్లీ దించాం. నాలుగు మూలల కిందా చెక్కలు దోపి, రసమట్టం పెట్టి చూసి, బుడగ నడుమకు వచ్చేదాకా సరిచేశాం. అంత విసుగులోనూ ఆ పని మాత్రం వంకర పోనియ్యలేదు. సాయంత్రానికి నీళ్లు నిండాయి. వేడెక్కడానికి ఒక రోజు పడుతుందని కాగితంలో రాసి ఉంది. సుభద్రమ్మ ఆగలేదు. అంచు మీద కూర్చుని, చీర కొంచెం పైకి దోపుకుని, చన్నీళ్లలోనే కాళ్లు పెట్టింది. అంకిరెడ్డి పక్కన నిలబడి ఆమె భుజం పట్టుకున్నాడు. ఆ మర్నాడు, ఆగ్నేయంలో ఒక రాగిరేకు అతికిస్తే దోషం పోతుందని సిద్ధాంతి చెప్పాడట. అతికించారు. రాగిరేకు బరువుకు నేనేమీ అభ్యంతరం చెప్పను.

ఎందుకు మానేశాను

వయసైపోయి మానేశాడని నంద్యాలలో అనుకుంటారు. కాదు. గడారి ఇప్పటికీ నా చేతిలో తిరుగుతుంది. నేను మానింది 'సరే' అన్నందుకు.

శిరివెళ్లలో నేను తొందరపడ్డాను అనుకునేవాణ్ని. తట్టి చూడడం ఒక్కటి తప్పకుండా చేస్తే చాలు, ఇక తప్పు జరగదు అనుకునేవాణ్ని. ఇన్నేళ్లూ తట్టాను. కానీ తట్టినదాన్ని వినేది చెవి కాదు, ఓర్పు. నేల ఏం చెప్పిందో విన్న తరవాత, అది వినని ఆసామికి పదిసార్లు చెప్పే ఓర్పు, పదకొండోసారి మోకు చుట్టుకుని ఇంటికి పోయే ఓర్పు ఉండాలి. ఆసాములు ఎప్పుడూ అరుస్తారు. సిద్ధాంతులు ఎప్పుడూ ఫోనులో ఉంటారు. వాళ్లను మార్చడం మన పని కాదు. వాళ్ల మీద మనకొచ్చే విసుగును బరువు కిందికి పోనివ్వకపోవడం మన పని. నా దగ్గర ఆ ఓర్పు అయిపోయింది. నవ్వులతో ఎన్నేళ్లు కప్పినా అయిపోయింది.

హుసేన్ సాబ్ కట్టడి కూడా సగం తప్పు. ఆయన మీద గౌరవంతోనే రాస్తున్నాను. పొమ్మనడానికి నోరు ఒకటే ఉండాలి, అది నిజం. ఆగమనడానికి మాత్రం ఎన్ని నోళ్లుంటే అన్ని ఉండాలి. చివర మోకు పట్టుకున్నవాడైనా సరే, మొన్న చేరినవాడైనా సరే, ఆగు అంటే అందరూ ఆగాలి, ఎందుకని తరవాత అడగాలి. ఆ రోజు టెంపోలో నంద్యాలకు వస్తూ ఈ మాట మావాళ్లకు చెప్పాను. రేపటినుంచి మేస్త్రీ ఓబులేసు అని కూడా చెప్పాను. వాడు, నాకు మాట్లాడ్డం రాదన్నా అన్నాడు. ఈరోజు వచ్చింది చాలు అన్నాను.

తరవాతి వారం గడివేములలో ఒక బడికి జనరేటరు పెట్టే పని వచ్చింది. చూసిపోదామని నేనూ వెళ్లి ప్రహరీ గోడ నీడలో కూర్చున్నాను. ఓబులేసు గేటు నుంచి షెడ్డు దాకా నేలంతా తట్టుకుంటూ పోయాడు. షెడ్డు దగ్గర ఒకచోట ఆగాడు. మళ్లీ తట్టాడు. వెనక్కి వచ్చి మళ్లీ తట్టాడు. కాంట్రాక్టరు గడియారం చూపిస్తూ గట్టిగా ఏదో అంటున్నాడు. గుంపంతా మోకులు పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. వాడు ఎవరి వంకా చూడకుండా కింద కూర్చుని, చేత్తో మట్టి తోసి, చెవి నేలకు ఆనించాడు.

నాకు వినబడినంతలో అది గట్టి నేలే. ఠక్కుమంటోంది. అరవై అడుగుల దూరం నుంచి నాకే తెలుస్తోంది, అక్కడ కూర్చున్నవాడికి తెలియదా? ఇంకెంత సేపు రా అనే మాట నా నాలుక చివరికి వచ్చేసింది.

లేచి, చెప్పులు వేసుకుని, నంద్యాల బస్సెక్కేశాను.